ఎంతైనా నాన్నే కదా!

మధ్యాహ్నం రెండింటికి మా ఇంట్లో చప్పుడు ఆగిపోతుంది. నాన్నగారు భోంచేసి, మందులు వేసుకుని నడుం వాలుస్తారు. మా ఆయన ఆఫీసులో ఉంటారు. పనమ్మాయి అంట్లు తోమేసి వెళ్ళిపోతుంది. నాలుగున్నరకి నాన్నగారు లేచి "అమ్మాయ్, కాఫీ" అనేదాకా ఉన్న ఆ రెండున్నర గంటలూ నావి. ఒకప్పుడు ఆ టైములో పుస్తకాలు చదివేదాన్ని. ఇప్పుడు కళ్ళు త్వరగా అలసిపోతున్నాయి, అందుకని ఏదో ఒకటి చూస్తున్నాను.

ఇంగ్లండులో చదువుకుంటున్న మా అమ్మాయి ఓ రోజు ఫోన్ చేసి, "అమ్మా, నువ్వు డిటెక్టివ్ నవలల పిచ్చిదానివి కదా, నీకోసం ఒక సీరియల్ కనిపెట్టాను. పేరు గ్రాంట్‌చెస్టర్. ఇందులో డిటెక్టివ్ చర్చి ఫాదర్" అంది. నాకు నవ్వొచ్చింది. చిన్నప్పుడు కొమ్మూరి సాంబశివరావు గారి నవలలు అద్దె పుస్తకాల షాపు నుంచి తెచ్చుకుని, తెలుగు వాచకంలో దాచుకుని చదివినదాన్ని. నా లెక్కలో డిటెక్టివ్ అంటే యుగంధరే. యుగంధర్ ఇంట్లో గొడవలున్నాయా, వాళ్ళ నాన్న ఎలాంటివాడు అని మనం ఎప్పుడైనా ఆలోచించామా? లేదు. డిటెక్టివ్ అన్నవాడు పరాయి వాళ్ళ ఇళ్ళలోకి వెళ్ళి నిజం బయటపెట్టి వచ్చేయాలి. అంతే.

ఇక్కడే ఈ గ్రాంట్‌చెస్టర్ నన్ను దెబ్బ కొట్టింది.

చూడని వాళ్ళకోసం కొంచెం చెప్తాను. గ్రాంట్‌చెస్టర్ అన్నది నిజంగానే ఉన్న ఊరు. కేంబ్రిడ్జ్‌కి పక్కనే, కేమ్ నది ఒడ్డున చిన్న పల్లె. కథ 1950ల్లో మొదలవుతుంది. యుద్ధం అయిపోయింది కానీ మనుషుల్లోంచి ఇంకా పోలేదు. ఆ ఊరి చర్చి ఫాదర్ ఒకడు, కేంబ్రిడ్జ్ పోలీసు ఇన్‌స్పెక్టర్ జోర్డీ కీటింగ్ ఒకడు. ఇద్దరూ స్నేహితులై హత్య కేసులు తేలుస్తుంటారు. ఇంగ్లండులో ఐటీవీ వాళ్ళు 2014 అక్టోబరులో మొదలుపెట్టారు. మొదటి ఫాదర్ సిడ్నీ ఛాంబర్స్. నాలుగో సీజన్‌లో ఆయన అమెరికా వెళ్ళిపోతే విల్ డావెన్‌పోర్ట్ అనే కుర్రాడు వస్తాడు. తొమ్మిదో సీజన్‌లో విల్ వెళ్ళిపోయి ఆల్ఫీ కొట్టారం వస్తాడు. పేరు చూసి ఎక్కడో విన్నట్టుందే అనుకుంటున్నారు కదా? ఆ పాత్ర భారతీయ మూలాలున్నవాడు. వేసిన నటుడి పేరు రిషి నాయర్.

ఫాదర్ అంటే పెళ్ళి చేసుకోకూడదు కదా, మరి వీళ్ళకి ప్రేమలేమిటని మా ఆయన అడిగారు. వీళ్ళు కాథలిక్కులు కాదు, ఆంగ్లికన్ సంఘం వాళ్ళు, వాళ్ళలో పెళ్ళి చేసుకోవచ్చు. ఆ సంఘం మనకి కొత్తదేమీ కాదు. మొట్టమొదటి భారతీయ ఆంగ్లికన్ బిషప్ అజరయ్య గారు 1912లో బిషప్ అయింది మన డోర్నకల్‌కే.

ఇక అసలు సంగతి. విల్ గొప్పింటి పిల్లవాడు. మోటారు సైకిలు మీద తిరుగుతాడు, నవ్వుతూ ఉంటాడు, ఊళ్ళో ఎవరికి కష్టమొచ్చినా ముందు వాకిట్లో నిలబడతాడు. ఇంత పెద్ద ఇల్లు, ఆస్తి, వంశం పేరు అన్నీ వదులుకుని ఈ చిన్న పల్లెలో ఫాదర్‌గా ఎందుకున్నాడా అనుకుంటాం. నాలుగో సీజన్‌లో కథ వాళ్ళింటికి వెళ్తుంది. అప్పుడు అర్థమవుతుంది. ఆ ఇల్లు దొరల ఇల్లే. కానీ అందులో తండ్రి గొంతు వినబడితే తల్లి భుజాలు బిగుసుకుంటాయి. కొడుకు నవ్వు మాయమవుతుంది. ఆదివారం పూట ఊరందరికీ క్షమించమని చెప్పే మనిషి, సొంత తండ్రి ఎదుట నిలబడితే ఆ ఒక్క మాటా నోట రాదు.

నేను అక్కడ ఆపేశాను. కరెంటు పోయిందని కాదు, నాన్నగారు లేచారని కాదు. చూడలేకపోయాను. పక్క గదిలో గురక వినబడుతోంది. ఆ తెర మీద ఉన్న కొడుకు నాకు మా తమ్ముడిలా కనబడ్డాడు.

* * *

ఇది రాయాలా వద్దా అని రెండు నెలలు తటపటాయించాను. తమ్ముడిని అడిగాను. "రాయి అక్కా, నా పేరు మాత్రం వద్దు" అన్నాడు. అందుకే రాస్తున్నాను.

మా నాన్నగారు విజయనగరం దగ్గర ఒక ఊళ్ళో హెడ్‌మాస్టరుగా చేశారు. ఆయన చేతిలో చదువుకున్న వాళ్ళు ఇప్పటికీ ఎక్కడ కనబడినా వంగి కాళ్ళకి దండం పెడతారు. బడి ఒక్కటే కాదు, ఊళ్ళో తగువులు కూడా ఆయన దగ్గరికే వచ్చేవి. అన్నదమ్ముల గట్టు తగాదా, మొగుడూ పెళ్ళాల గొడవ, అల్లుడు అలిగి వెళ్ళిపోయిన గొడవ, ఏదైనా సరే "మాస్టారు గారి దగ్గరికి పదండి" అనేవారు. మా వరండాలో బల్ల మీద కూర్చుని ఇద్దరి మాటా ఓపిగ్గా వినేవారు. ఎవరినీ నొప్పించకుండా తీర్పు చెప్పేవారు. "ఆడదాని కంట నీరు పెట్టిస్తే ఇంటికి మంచిది కాదురా" అని ఎంతమంది మగవాళ్ళకి బుద్ధి చెప్పారో నా చెవులతో విన్నాను.

వాళ్ళు వెళ్ళిపోయాక ఆయన లోపలికి వచ్చేవారు. వరండాకీ వంటింటికీ మధ్య ఒకే ఒక గడప. ఆ గడప దాటితే వేరే మనిషి.

అమ్మ మీద ఎప్పుడూ చెయ్యి చేసుకోలేదు. ఈ మాట మా బంధువులు చాలాసార్లు అన్నారు, పెద్ద మెప్పులాగా. నిజమే, చెయ్యి చేసుకోలేదు. మాటలే. "నీకేం తెలుసు", "మీ పుట్టింటి తెలివి", "నోర్మూసుకో". పులుసులో ఉప్పు ఎక్కువైతే కంచం గోడకేసి కొట్టేవారు. ఆ చారు మరక మీద అమ్మ మర్నాడు సున్నం పూసేది. మా వంటింటి గోడ మీద సున్నం ఒకచోట మందంగా, ఒకచోట పలచగా ఉండేది. ఎందుకో వచ్చినవాళ్ళకి తెలీదు. మాకు తెలుసు.

నేను నోరు మెదపలేదు. పెళ్ళి చేసుకుని వెళ్ళిపోయాను. తమ్ముడు అలా కాదు. ఇరవయ్యో ఏట ఒక రాత్రి అమ్మకీ నాన్నగారికీ మధ్యలో నిలబడి "ఇంక చాలు నాన్నా" అన్నాడు. "ఇష్టం లేకపోతే నా ఇంట్లోంచి పో" అన్నారాయన. వాడు నిజంగానే వెళ్ళిపోయాడు. మూడేళ్ళు ఇంటి మొహం చూడలేదు. తర్వాత కూడా అమ్మ కోసం వచ్చేవాడు, నాన్నగారు బడికి వెళ్ళాక వచ్చి, ఆయన తిరిగొచ్చేలోపు బస్సెక్కేవాడు. అమ్మ పోయినప్పుడు కొడుకుగా చెయ్యవలసినవన్నీ చేశాడు. పన్నెండో రోజు అయ్యాక సంచి సర్దుకుని నా ఒక్కదానికే చెప్పి వెళ్ళిపోయాడు.

ఆ తర్వాత నాన్నగారు నా దగ్గరికి వచ్చేశారు. అప్పటినుంచి నేను తమ్ముడికి ఫోన్ చేసినప్పుడల్లా చివర్లో ఒక మాట అనేదాన్ని. "ఎంతైనా నాన్నే కదరా. పెద్దాయన అయిపోయారు. ఒక్కసారి మాట్లాడు." వాడు "సరే అక్కా, ఉంటాను మరి" అని పెట్టేసేవాడు.

* * *

నా అభిప్రాయం ఇప్పుడు చెప్తాను. నచ్చకపోవచ్చు. మన ఇళ్ళలో చాలా అన్యాయాన్ని బతికించి ఉంచేది ఈ "ఎంతైనా" అన్న మాట. ఎంతైనా నాన్నే కదా. ఎంతైనా మొగుడే కదా. ఎంతైనా అత్తగారే కదా. ఈ మాట ఎప్పుడూ దెబ్బ తిన్నవాళ్ళకే చెప్తాం. కొట్టినవాళ్ళకి చెప్పం. "ఎంతైనా నీ కొడుకే కదా, నువ్వొక మాట అను" అని నేను నాన్నగారితో ఒక్కసారి కూడా అనలేదు. ఎందుకని? ఆయనంటే భయం. తమ్ముడు మెత్తనివాడు. మెత్తగా ఉన్నచోటే కదా గునపం దిగుతుంది.

మన టీవీ సీరియళ్ళు కూడా ఇదే నేర్పుతాయి. పన్నెండు వందల ఎపిసోడ్లు కుళ్ళబొడిచిన మనిషి చివరి వారంలో ఆసుపత్రి మంచం మీద కళ్ళు తెరుస్తాడు. అందరూ ఏడుస్తారు. కోడలు కాళ్ళ మీద పడుతుంది. శుభం. ఆ పన్నెండు వందల ఎపిసోడ్ల లెక్క ఎవరు చెప్తారు?

గ్రాంట్‌చెస్టర్‌లో నాకు నచ్చింది ఇదే. వాళ్ళు విల్ చేత తొందరపడి క్షమింపజేయలేదు. తెల్ల కాలరు వేసుకున్నాడు కాబట్టి తండ్రిని వాటేసుకోవాలి అనలేదు. ఆ తండ్రి తర్వాత పోతాడు. పోయాక కూడా లెక్క తేలదు. తల్లి అమీలియా ఇంకొకరితో కొత్త జీవితం మొదలుపెట్టాలనుకుంటే కొడుక్కి అదీ మింగుడుపడదు. చచ్చిపోయినవాడు ఇంట్లోంచి వెళ్ళిపోతాడనుకుంటాం గానీ, కుర్చీ ఖాళీ చేసినంత తేలిగ్గా మనసులు ఖాళీ చెయ్యడు. విల్‌కి ఒక అమ్మాయిని ప్రేమించాలన్నా, ఒక కోపాన్ని అదుపు చేసుకోవాలన్నా లోపల ఎక్కడో ఆ తండ్రి నీడ పడుతుంటుంది. నేనూ వాడిలాగే అవుతానేమో అన్న భయం. మా తమ్ముడికి నలభై దాటాయి. వాడు తన భార్యతో గొంతు పెంచినప్పుడల్లా మేడమీదకి వెళ్ళిపోయి అరగంట తర్వాత వస్తాడట. మా మరదలు చెప్పింది. ఎందుకు వెళ్తాడో ఆ అమ్మాయికి అర్థం కాలేదు. నాకు అర్థమైంది.

"ఎంత చెప్పు, తండ్రిని ఎదిరించడం మన సంప్రదాయం కాదు" అని మా పిన్ని అంటుంది. నేను తెలుగు బీఏ చదివినదాన్ని పిన్నీ, పోతన భాగవతం ఏడో స్కంధం తీసి చూడు. ప్రహ్లాదుడు అయిదేళ్ళవాడైనా తండ్రి కళ్ళలోకి చూసి కాదన్నాడు. తండ్రి విషం పెట్టించాడు, ఏనుగులతో తొక్కించాడు, కొండల మీంచి తోయించాడు. ఊళ్ళో ఏ ముత్తయిదువైనా వచ్చి "ఎంతైనా నాన్నే కదా నాయనా, సర్దుకుపో" అందా? అన్నట్టు లేదు. అన్నీ అయిపోయాక, నరసింహస్వామి వరం కోరుకోమంటే మాత్రం ప్రహ్లాదుడు తన తండ్రి పాపం పోవాలని అడిగాడు. అది క్షమ. ఎవరూ మెడ మీద చెయ్యి వేసి వంచలేదు. వాడికి రావలసినప్పుడు, వాడి నోట వచ్చింది. అందుకే దానికి అంత విలువ.

క్షమ అనేది పండు లాంటిది. చెట్టున ముగ్గాలి. మనం పచ్చికాయ కోసి బియ్యం డబ్బాలో పెట్టి, రోజూ తీసి నొక్కి చూస్తున్నాం.

* * *

ఆ సీరియల్లో నాకు బాగా నచ్చిన ఇంకొక విషయం జోర్డీ. ఫాదర్ దగ్గరికి ఊరంతా వస్తుంది. మరి ఫాదర్ ఎవరి దగ్గరికి వెళ్తాడు? దేవుడి దగ్గరికి అనొచ్చు. కానీ దేవుడు తిరిగి మాట్లాడడు, టీ పొయ్యడు. జోర్డీ మాట్లాడతాడు. పబ్బులో బ్యాక్‌గామన్ ఆట ముందేసుకుని ఎదురుగా కూర్చుంటాడు. ఆయనకి పెద్ద జ్ఞానం ఏమీ లేదు, దేవుడి మీద నమ్మకం అంతకన్నా లేదు. ఆయన కాపురమే ఒకసారి చేతులారా పాడు చేసుకుని, భార్య కాథీ ముందు తలదించుకుని నిలబడ్డవాడు. ఆ మనిషే ఫాదర్‌కి ముఖం మీద నిజం చెప్పగలడు.

జోర్డీ యుద్ధంలో బర్మాలో శత్రువుల చేతికి చిక్కి ఖైదీగా ఉండి వచ్చాడు. అక్కడేం జరిగిందో ఏళ్ళ తరబడి నోరు విప్పడు. అది చూస్తుంటే నాకు మా తాతగారి తమ్ముడు గుర్తొచ్చారు. మా ఉత్తరాంధ్రలో రంగం వెళ్ళని కుటుంబం అరుదు కదా. రంగం అంటే రంగూన్. 1942లో బాంబులు పడితే అడవుల్లోంచి నడిచి వచ్చిన వాళ్ళలో ఆ చిన్న తాతగారు ఒకరు. విశాఖపట్నంలో ఇప్పటికీ బర్మా క్యాంపు అని ఒక పేట ఉంది. ఆయన దారిలో ఏం చూశారో ఎవరికీ చెప్పలేదు. ఇంట్లో ఎవరైనా గట్టిగా తలుపు వేస్తే మాత్రం వణికిపోయేవారట. ఆ కాలపు మగవాళ్ళ మౌనం కింద ఏం ఉందో మనకి పూర్తిగా తెలీదు. ఇది వాళ్ళు చేసినవాటికి సాకు కాదు. కారణం వేరు, సాకు వేరు. కారణం తెలిస్తే మనకి కొంచెం ఊపిరాడుతుంది, అంతవరకే.

ఇంకొక మనిషి ఉంది, ఆ ఇంట్లో వంట చేసి పెట్టే మిసెస్ మగ్వైర్. పరమ ఛాదస్తురాలు. చర్చిలో చిన్న ఫాదర్‌గా పనిచేసే లెనార్డ్ మగవాడినే ప్రేమించే మనిషి. ఆ రోజుల్లో ఇంగ్లండులో అది జైలుకి పంపే నేరం, 1967లో గానీ ఆ చట్టం సడలలేదు. మనకి 2018 సెప్టెంబరులో సుప్రీంకోర్టు తీర్పు వచ్చేదాకా అదే తెల్లవాళ్ళు పెట్టిన సెక్షను. ఆరో సీజన్‌లో లెనార్డ్‌ని జైలుకి పంపుతారు. ఆవిడ చదువుకున్న మతం ఒకటి చెప్తుంది, ఆవిడ పెంచుకున్న ప్రేమ ఒకటి చెప్తుంది. లెనార్డ్‌కి ఆవిడ అమ్మ కాదు, ఏమీ కాదు. కానీ కన్నవాళ్ళు చెయ్యవలసిన పని ఆవిడ చేస్తుంది. ఆ ఫాదర్ ఇల్లు చూడండి, ఒక పోలీసు, ఒక వంటావిడ, ఒక లెనార్డ్, ఒక కుక్క. ఎవరికీ ఎవరూ రక్తసంబంధం కాదు. భోజనాల బల్ల దగ్గర వాళ్ళు పోట్లాడుకుంటుంటే, ఇదే కుటుంబం అనిపిస్తుంది.

చూస్తూ చూస్తూ నాకొకటి తట్టింది. మన ఇళ్ళలో ఇల్లాలే ఆ చర్చి ఫాదర్. అందరి పాపాలూ మన చెవిలో పడతాయి. మొగుడికి ఆఫీసులో ఎవరి మీద కోపమో, పిల్లకి ఏ పరీక్ష పోయిందో, ఆడపడుచుకి అత్తింట్లో ఏమైందో, అన్నీ వంటింటి గట్టు దగ్గరికే వస్తాయి. కూర కలుపుతూ వింటాం, ఒకరి మాట ఇంకొకరికి చేరకుండా దాస్తాం, మధ్యలో రాజీ చేస్తాం. మరి మన జోర్డీ ఎవరు? మన ఎదురుగా కూర్చుని "అది సరే, నువ్వెలా ఉన్నావు?" అని అడిగేది ఎవరు? నాకు చాలా ఏళ్ళు ఎవరూ లేరు. మా పక్కింటావిడ ఈమధ్య అయింది. ఆవిడే అడిగింది, "తమ్ముడికి చెప్తున్నావు సరే, నువ్వు మీ నాన్నగారిని ఎప్పుడైనా అడిగావా?" అని.

* * *

అడిగాను.

ఒక సాయంత్రం కాఫీ ఇచ్చి ఎదురుగా కూర్చున్నాను. యాభైకి దగ్గరపడుతున్న దాన్ని, గ్లాసు పట్టుకున్న చెయ్యి వణికింది. "నాన్నగారూ, ఊళ్ళో అందరికీ అంత చక్కగా చెప్పేవారు. అమ్మతో మాత్రం ఎందుకలా మాట్లాడేవారు?" అన్నాను.

చాలాసేపు ఏమీ అనలేదు. తర్వాత "ఆ రోజుల్లో అందరూ అంతే" అన్నారు.

ఇంతకుముందైతే అక్కడితో లేచిపోయేదాన్ని. "అందరూ కాదు నాన్నగారూ. పెదనాన్నగారు అలా లేరు" అన్నాను.

ఆయన కాఫీ తాగకుండా పక్కన పెట్టేశారు. రాత్రి భోజనానికి రాలేదు. రెండు రోజులు నాతో మాట్లాడలేదు. ఎనభై దాటిన మనిషిని ఏడిపించానా, ఏమైనా అయితే నా పాపమే కదా అని ఆ రెండు రాత్రులూ నిద్రపోలేదు. మూడో రోజు పేపరు చదువుతూ "అమ్మాయ్, విశాఖపట్నంలో వర్షమట" అన్నారు. అంతే. క్షమాపణ లేదు, కన్నీళ్ళు లేవు. సీరియల్ అయితే ఇక్కడ వీణ వాయించేవాళ్ళు.

ఒక్కటి మాత్రం జరిగింది. ఆ మరుసటి వారం పనమ్మాయి చేతిలోంచి గ్లాసు జారి ఆయన పంచె మీద నీళ్ళు పడ్డాయి. "నీకేం తె..." అని మొదలుపెట్టి, నా వైపు చూసి, ఆగిపోయారు. తువ్వాలు అందుకుని తనే తుడుచుకున్నారు. నేను వంటింట్లోకి వెళ్ళి కొళాయి తిప్పి కాసేపు నిలబడ్డాను. నలభై ఏళ్ళలో ఆ వాక్యం మధ్యలో ఆగడం అదే మొదటిసారి. అమ్మ ఉండగా ఆగి ఉంటే బాగుండేది. ఆ బాధ నాకు పోదు.

ఇది తమ్ముడికి చెప్పాను. వాడు ఏమీ అనలేదు. నేను కూడా "ఎంతైనా" అనలేదు. వాడికి ఆ తేడా తెలిసినట్టుంది. "అక్కా, నువ్వు అడిగావా నిజంగా?" అన్నాడు. అడిగానన్నాను. "ఇన్నాళ్ళూ నేనొక్కణ్ణే అనుకున్నా" అన్నాడు. ఆ మాటతో నాకు తెలిసొచ్చింది. వాడికి నాన్నగారితో ఉన్న లెక్క ఒకటి, నాతో ఉన్న లెక్క ఇంకొకటి. ఆ రాత్రి వాడొక్కడూ మధ్యలో నిలబడ్డాడు. నేను కాన్పు కోసం పుట్టింట్లోనే ఉన్నాను, తలుపు వెనక నిలబడి విన్నాను. బయటికి రాలేదు. వాడికి నేను చెప్పవలసిన మాట "మాట్లాడు" కాదు, "నేను రాలేదురా" అని. చెప్పాను. ఇరవై ఏళ్ళు ఆలస్యంగా చెప్పాను.

వాళ్ళిద్దరూ కలుస్తారా? నాకు తెలీదు. కలవాలని నాకుంది, కానీ అది నా కోరిక, వాడి అప్పు కాదు.

* * *

చివరగా ఒక విశేషం. ఈ సీరియల్‌కి మూలం జేమ్స్ రన్సీ అనే రచయిత కథలు. ఆయన తండ్రి రాబర్ట్ రన్సీ ఇంగ్లండు చర్చికి పెద్ద అయిన కాంటర్‌బరీ ఆర్చిబిషప్. 1981లో యువరాజు చార్లెస్‌కి, డయానాకి పెళ్ళి చేయించింది ఆయనే. యుద్ధంలో స్కాట్స్ గార్డ్స్ దళంలో పోరాడి పతకం తెచ్చుకున్నారు. కొడుకు ఆ తండ్రిని మనసులో పెట్టుకునే సిడ్నీ ఛాంబర్స్ అనే మంచి ఫాదర్‌ని సృష్టించాడు. విల్ మాత్రం ఆ పుస్తకాల్లో లేడు, టీవీ వాళ్ళు కల్పించారు. అంటే ఒక కొడుకు తండ్రి మీద ప్రేమతో మొదలుపెట్టిన కథలోకి, తండ్రిని క్షమించలేని ఇంకో కొడుకు వచ్చి చేరాడు. ఇద్దరికీ ఒకే చర్చి, ఒకే ఇల్లు, ఒకే కాలరు. నాకది చాలా సబబుగా అనిపించింది. ఇద్దరు కొడుకులూ నిజమే. ఒకరిది చూపించి ఇంకొకరిది తప్పనకూడదు.

మా నాన్నగారి శిష్యులు ఆయన కాళ్ళకి దండం పెట్టినప్పుడు వాళ్ళు అబద్ధం ఆడటం లేదు. మా తమ్ముడు ఫోన్ పెట్టేసినప్పుడు వాడూ అబద్ధం ఆడటం లేదు. వాళ్ళు చూసింది వరండా. వాడు చూసింది వంటిల్లు.

ఆ ఆపేసిన ఎపిసోడ్ తర్వాత పూర్తిగా చూశాను లెండి. ఇప్పుడు ఆల్ఫీ దగ్గరికొచ్చాను. నాలుగున్నర కావస్తోంది, పక్క గదిలో మంచం కిర్రుమంది. కాఫీ పెట్టాలి.

వెళ్ళేముందు ఒక్క ప్రశ్న. మీ ఇంట్లో ఈ "ఎంతైనా" అన్న మాట ఎవరికి చెప్తారు? చెప్పవలసినవాళ్ళకేనా? కొంచెం ఆలోచించి రాయండి, చదువుతాను.